క్లచ్ వదల్లేదు

"ఇరవై నిమిషాలు. ఇరవై ఒకటో నిమిషం నుంచి వాడు మళ్లీ నావాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అనంతరామన్, చేతి గడియారం విప్పి ఠాణా బల్ల మీద పెడుతూ.

పదికి అయిదు నిమిషాలు తక్కువ. భీమశంకరం ఆ గడియారం వంక చూడలేదు. అతని బుర్రలో వేరే గడియారం తిరుగుతోంది. మధ్యాహ్నం మూడు గంటలకు రోలరు డ్రైవరు దొరబాబును జడ్జి ముందు నిలబెడతారు. బల్ల మీదున్న ఆ ఒక్క కాగితం చదివితే జడ్జికి ఇంకో ఆలోచన అక్కర్లేదు. హత్య.

జరిగింది నాలుగు మాటల్లో చెప్పొచ్చు. సోమవారం సాయంత్రం అయిదు గంటలకు, తట్టాంచావడిలో కొత్తగా కడుతున్న గిడ్డంగి దగ్గర, దొరబాబు పది టన్నుల రోడ్డు రోలరును రోజూలాగే వెనక్కి నడిపి గోడ ముందు ఆపబోయాడు. అది ఆగలేదు. వెనక డ్రమ్ముకూ గోడకూ మధ్య మేస్త్రీ చెల్లప్పన్ నలిగిపోయాడు. అంతకు రెండు రోజుల ముందే పనివేళల విషయంలో ఆ ఇద్దరూ అందరి ఎదుటా అరుచుకున్నారు. ఇవాళ గురువారం.

ఈ ఊళ్లో ఫ్రెంచి జెండా దిగి ఇంకా ఏడాది తిరగలేదు. భీమశంకరం యానాంలో పుట్టి, ఇక్కడి ఫ్రెంచి పోలీసులో పద్దెనిమిదేళ్లు పనిచేసి, జెండాతో పాటే తనూ దిగిపోయి, కోసపాళయంలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకున్నాడు. ఆ ఖాళీలోకే అనంతరామన్ మద్రాసు నుంచి వచ్చాడు. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చున్నప్పుడు ఉండేపాటి మర్యాద ఇద్దరి మధ్యా ఉంది. అంతకు మించి లేదు.

దొరబాబును తీసుకొచ్చి గోడకు ఆనించి నిలబెట్టారు. ముప్పయ్యేళ్లుంటాయి. మూడు రోజులుగా నిద్ర లేని మొహం. భీమశంకరం అతని మొహం కంటే ముందు పాదాలు చూశాడు. చెప్పుల్లేవు. కుడి పాదం మామూలు పాదమే. ఎడమ అరికాలి అంచు మాత్రం కాయకాసి, పెడలు మీది గాడులు అచ్చు గుద్దినట్టున్నాయి.

"దొరబాబూ, నీ నోరు చెప్పిందంతా ఆ కాగితంలో ఉందిలే. నీ ఎడమ కాలు ఏం చెబుతుందో నాకు కావాలి."

"కాలేంది సార్?"

"మా నాన్న యానాంలో బియ్యం మిల్లు ఇంజను నడిపేవాడు. కొంచెం తెలుసు నాకు. క్లచ్ తొక్కినా ఇంజన్ను వదలకపోవడానికి మూడే దారులు. పెడలు పూర్తిగా దిగకుండా కింద ఏదో అడ్డం పడాలి. లేదా, పెడలు మామూలుగానే దిగినా లోపల పళ్లేలు అతుక్కుపోయి ఉండాలి. అదీ కాకపోతే పెడలుకీ క్లచ్చికీ మధ్యనుండే కడ్డీ ఊడిపోవాలి. ఈ మూడూ కాలికి మూడు రకాలుగా తగులుతాయి. నీ కాలికి ఎలా తగిలింది?"

దొరబాబు కళ్లు మూసుకున్నాడు. అతనికి తెలియకుండానే ఎడమ కాలు సిమెంటు నేలను నొక్కింది.

"ముందర ఎదురు తన్నె సార్. ఎప్పట్లాగే గట్టిగా. సగం దిగినాక టక్కుమనె. అంతే. కింద ఏమీ లేదు. మెట్టుందని కాలేస్తే మెట్టు లేకపోయినట్టు."

"బ్రేకు?"

"పది టన్నుల బండిని ఇంజను తోస్తా ఉంటే బ్రేకు ఏం పడతాది సార్? డీజిలు ఆపే తీగ లాగినాను. ఇంజను చచ్చేలోపల గోడ వచ్చేసె." అతను కళ్లు తెరిచాడు. "బండి కదలకుండా డ్రమ్ము వెనక చెక్క పెట్టే మనిషి వొంగి ఉంటారు గదా. బండి ఆగిపోయిందనే అనుకుంటారు."

"ఆ సాయంత్రం క్లచ్ ఎన్నిసార్లు తొక్కావు?"

"నాలుగు నుంచి రోలింగు లేదు. రోడ్డుకి నీళ్లు చల్లినారు. బండి ఊరికే నిలబడి ఉండె. అయిదుకి ఎత్తేటప్పుడు ఒకసారి తొక్కినాను. గోడ కాడ రెండోసారి."

"నాలుగు నుంచి అయిదు దాకా నువ్వెక్కడున్నావు?"

"పట్టమ్మాళ్ టీ బంకు కాడ."

భీమశంకరం బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఇంగ్లీషు వాంగ్మూలం. కింద దొరబాబు వేలిముద్ర.

"'ఐ డిడ్ నాట్ రిలీజ్ ది క్లచ్.' ఇది ఇతనన్న మాటేనా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"వాడన్నదే. తెలుగులో అన్నాడు, నేనే ఇంగ్లీషులో రాశాను. నాకు దుబాసీ అక్కర్లేదు. నెల్లూరులో నాలుగేళ్లు చేశాను."

"తెలుగులో ఏమన్నాడు?"

"క్లచ్ వదల్లేదు అన్నాడు."

"'నేను' అన్నాడా?"

అనంతరామన్ కాగితం వంక చూశాడు. "అనక్కర్లేదు. మీ తెలుగులో ప్రతిదానికీ 'నేను' ఎవరంటారు?"

"చిక్కంతా అక్కడే ఉందండి. క్లచ్ వదల్లేదు. ఎవరు దేన్ని వదల్లేదు? ఇతను క్లచ్చిని వదల్లేదా, క్లచ్ ఇంజన్ను వదల్లేదా? తెలుగు రెండింటికీ ఒకటే మాట పెట్టుకుంది. 'నేను' మీరు చేర్చారు. చేర్చినా మీ అర్థం రాదు. డ్రైవర్ల మాటలో క్లచ్ వదలడమంటే పెడలు మీంచి కాలెత్తడం. 'నేను వదల్లేదు' అంటే చివరిదాకా తొక్కే ఉంచానని. అదే మాట మీ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి, రిలీజ్ అంటే ఇంజన్నుంచి విడదీయడం కాబట్టి, అసలు తొక్కనే లేదని అయింది. ఇతను ఎటు చెప్పినా నిర్దోషి. మీరు రాసింది చదివితే హంతకుడు."

"నేనట్టా యాడ చెప్పినాను సార్!" దొరబాబు గోడ వదిలి ముందుకొచ్చాడు. "బండి వదల్లేదని కదా చెప్పినాను!"

అనంతరామన్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ అతను తెలివితక్కువవాడు కాదు. కాగితం వెనక్కి తీసుకుని నెమ్మదిగా మడిచాడు.

"మాటల సంగతి వదిలేద్దాం. ఇనుము సంగతి చూడండి. ప్రమాదమైన అయిదు నిమిషాలకు, చెల్లప్పన్‌ని బయటికి తీయడానికి మెకానిక్ శివలింగం అదే రోలరెక్కి, అదే క్లచ్ తొక్కి, బండిని పన్నెండడుగులు ముందుకు నడిపాడు. మర్నాడు పొద్దున ఎనిమిదికి నా ఎదుట పదిసార్లు తొక్కించాను. పదిసార్లూ వదిలింది. అయిదింటికి వదలని క్లచ్ అయిదూ అయిదుకి ఎలా వదిలింది?"

"మంచి ప్రశ్న," అన్నాడు భీమశంకరం లేస్తూ. నిజంగానే అన్నాడు. "జవాబు బండి దగ్గరే ఉండాలి. వస్తారా?"

"రాక! మీ నాటకం నేను లేకుండా ఎలా?"

అనంతరామన్ ఠాణా పనులు తెమిలేసరికి ఆలస్యమై, పదకొండుంబావుకు జీపు తట్టాంచావడి చేరింది.

కాపలా కానిస్టేబులు సెల్యూటు కొట్టాడు. గోడ పక్కన దొరబాబు పెళ్లాం నూకాలమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా అక్కడే కంకర పని చేస్తుంది. తాతల నాడు యానాం నుంచి వచ్చి ఉప్పళంలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. భీమశంకరం కాళ్లావేళ్లా పడి ఈ కేసు అప్పగించింది ఆమే. ఒంటి గంటకు మొగుడికి ఇవ్వవలసిన అన్నం క్యారియరు చంకలో పెట్టుకుని వచ్చింది.

శివలింగం కూడా ఉన్నాడు. నలభై ఏళ్లవాడు, శుభ్రమైన మనిషి. పిలవకుండానే వచ్చి, చేతులు తుడుచుకుని, రోలరెక్కాడు. ఇంజను ఎత్తాడు. తొక్కాడు, ముందుకు నడిపాడు. తొక్కాడు, వెనక్కి నడిపాడు. గోడకు ఒక బార దూరంలో నేల మీద సున్నపు గీత ఉంది. రోజూ వెనక డ్రమ్ము ఆగవలసింది అక్కడే. డ్రమ్ము సరిగ్గా గీత మీద ఆగింది.

"చూసినారా అయ్యా?" అంటూ దిగాడు. "బండి తప్పు లేదు. పాపం, దొరబాబు మంచోడే. ఏదో కోపంలో..."

భీమశంకరం బండిని చూడలేదు, శివలింగం కళ్లు చూశాడు. నడిపినంతసేపూ అవి నేల మీదే ఉన్నాయి. పారేసుకున్నదాన్ని వెతుక్కునేవాడి చూపు అది.

కానిస్టేబులు దగ్గరికి వెళ్లి, బీడీ అందిస్తూ మెల్లగా అడిగాడు. "శివలింగం రోజూ వస్తున్నాడా?"

"రెండు పూటలా వస్తాడు సార్. బండి చుట్టూ నేల ఊడుస్తాడు. మనిషి పోయిన చోటంట."

శివలింగం నూకాలమ్మ దగ్గర ఆగాడు. "ఇంక నాతో పని లేదు గదా సార్? అమ్మా, ఆ క్యారియరు ఇట్టా ఇయ్యి. సైకిలు మీద నేను ఇచ్చేసి వస్తా. ఎండలో నువ్వేం నడుస్తావు."

నూకాలమ్మ భీమశంకరం వైపు చూసింది. అతనికి కావలసింది శివలింగం లేని అరగంట. అది దానంతటదే నడిచొచ్చింది.

"ఇవ్వమ్మా. నీతో నాకు పనుంది. శివలింగం, ఇచ్చిరావయ్యా, పుణ్యముంటుంది," అన్నాడు.

సైకిలు మలుపు తిరిగేసరికి పన్నెండు.

భీమశంకరం నేరుగా టీ బంకు దగ్గరికి వెళ్లాడు. పట్టమ్మాళ్ అరవైకి దగ్గర పడిన మనిషి. ఎవరేం చేస్తున్నారో చూడకుండా ఏనాడూ టీ కాచలేదు.

"సోమవారం ఆ కేక వినగానే ముందు ఎవరు పరిగెత్తారు పెద్దమ్మా?"

"శివలింగమే సామీ. అందరికంటే ముందు. ఆ చెల్లప్పన్‌ని చూడాలని బండి కిందికే దూరేశాడు పాపం."

"బండి ఎక్కలేదా?"

"ముందు కిందికి దూరాడు. తర్వాత ఎక్కాడు."

"ఎంతసేపున్నాడు కింద?"

"పాలు పొంగబోతున్నాయి, నేను దించలేదు. పొంగి, పొయ్యి ఆరిపోయింది. అంతసేపు."

"ఏ వైపు నుంచి దూరాడు?"

ఆమె చేత్తో చూపించింది. ముందు డ్రమ్ము వైపు.

భీమశంకరం వెనక నిలబడ్డ అనంతరామన్ వైపు తిరిగాడు. "చెల్లప్పన్ ఉన్నది బండి వెనక. నలిగిన మనిషిని చూడాలనుకునేవాడు ముందు నుంచి దూరతాడా? ముందు నుంచి దూరితే చేతికి అందేది ఒక్కటే. క్లచ్ కడ్డీ."

అనంతరామన్ టోపీ తీసి జీపులో పెట్టాడు.

భీమశంకరం పట్టమ్మాళ్ దగ్గర పొట్లాలు కట్టే దారం ఒక మూర అడిగి తీసుకున్నాడు. రోలరు ముందు నుంచి, శివలింగం దూరిన చోటే, బోర్లా పడుకుని కిందికి పాకాడు. రెండు డ్రమ్ములకు నడుమ, పెడలు నుంచి వచ్చే ఇనుప కడ్డీ కనిపించింది. దాని చివర మరలున్నాయి. ఆ మరల మీద బిగించిన ఒకే ఒక నట్టు, క్లచ్ లోంచి బయటికి పొడుచుకొచ్చిన తోకను పట్టుకుని ఉంది. నట్టు పాతది, జిడ్డు పట్టి నల్లగా ఉంది. కానీ కడ్డీ కొనన ఉన్న రెండు మరల అంచులు మాత్రం గీసుకుపోయి, కొత్త వెండిలా మెరుస్తున్నాయి.

దారానికి తాళంచెవి కట్టి కడ్డీ కొన నుంచి నేలకు వదిలాడు. రోలరు ఇప్పుడు సున్నపు గీత మీదే ఉంది. శివలింగం స్వయంగా తెచ్చి నిలబెట్టిపోయాడు. సోమవారం దొరబాబు క్లచ్ తొక్కవలసిన చోటు ఇదే. తాళంచెవి తాకిన చోట చేత్తో తడిమాడు. కంకర, ఎర్రమట్టి. గోడ వైపు జానెడు జరిపి తడిమాడు.

వేళ్లకు చల్లగా తగిలింది.

రోడ్డులో పొదిగేసినట్టు, నేలకు సమంగా, ఆరు మూలల ఇనుము.

"ఇన్‌స్పెక్టర్ గారూ, బట్టలు మాసినా ఫర్వాలేదంటే ఒకసారి రండి."

ఇస్త్రీ మడత నలగని అనంతరామన్ నేల మీద పడుకుని పాకుతూ వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన, ముక్కులు నేలకు ఆనించి, కాసేపు దాన్నే చూశారు. తర్వాత భీమశంకరం చాకుతో తవ్వి తీశాడు. కొత్త నట్టు. లోపలి మరల నిండా మెరిసే ఇనుప పొడి.

బయటికొచ్చి, బండి పెట్టెలోని స్పానర్లు దానికి పెట్టి చూశాడు. ఒక్కటీ సరిపోలేదు.

"ఈ బండి ఫ్రెంచిది. దీని నట్లన్నీ మిల్లీమీటర్లు. ఇప్పుడు స్టోరుకి వచ్చేవన్నీ మీ మద్రాసు సరుకు, అంగుళాలు. ఇది వెంట్రుకవాసి పెద్దది, మరల నడక కూడా వేరు." పాత నట్టు విప్పించి, కడ్డీని బయటికి లాగించి, దాని కొనకు కొత్తది తిప్పాడు. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంది. "చూశారా, ఎంత గట్టిగా ఉన్నట్టుందో! నిజానికి మరల కొనలు మాత్రమే పట్టుకున్నాయి. ఒకసారి తొక్కితే అవి సగం తెగుతాయి. రెండోసారి తొక్కితే..." వేళ్లతో లాగాడు. నట్టు చేతిలోకి ఊడి వచ్చింది. "టక్. మెట్టు లేదు."

అనంతరామన్ ఆ నట్టు తీసుకుని అరచేతిలో దొర్లించాడు. మిగతాది అతనే చెప్పాడు. ఓడిపోయిన గొంతుతో కాదు, లెక్క తేలినవాడి గొంతుతో.

"నాలుగూ అయిదూ మధ్య శివలింగం దీన్ని బిగించాడు. ప్రమాదం కాగానే కిందికి దూరి, జేబులోని అసలు నట్టు పెట్టేశాడు. మనిషి గోడకు నలుగుతుంటే, పాలు పొంగి పొయ్యి ఆరేదాకా నట్టు బిగించుకుంటూ కూర్చున్నాడు. రాలిపోయిన దీన్ని వెతుక్కునే తీరిక లేదు. బండిని ముందుకు నడిపి, పది టన్నుల డ్రమ్ముతో తనే దీన్ని రోడ్డులోకి తొక్కేసుకున్నాడు."

"పైగా ఇది పడిన చోటే దొరబాబుకు సాక్షి," అన్నాడు భీమశంకరం. "ఎప్పుడూ తొక్కే చోటే తొక్కాడు. అంగుళం ఆలస్యం చేయలేదు."

జేబులోంచి వాంగ్మూలం తీసి, అనంతరామన్ దాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ముక్కలు పారేయలేదు, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. "కొత్తది రాస్తాను. మీరు పక్కన కూర్చోండి. కానీ ఒకటి చెప్పండి. చెల్లప్పన్ మీద శివలింగానికి పగేమిటి?"

"పగా?" పట్టమ్మాళ్ బంకులోంచే అరిచింది. "ఒకే ఆకులో తినేవాళ్లు సామీ!"

భీమశంకరానికీ అక్కడే అడుగు పడలేదు. గోడ వైపు నడిచాడు. రోలరు కదలకుండా డ్రమ్ము వెనక పెట్టే చెక్క గోడ వారన పడి ఉంది. వాడి వాడి నున్నబడిన చెక్క. పట్టుకునే చోట ఆకుపచ్చ చీర పేలిక గట్టిగా చుట్టి ఉంది.

వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"నూకాలమ్మా, ఈ పేలిక ఎవరు చుట్టారు?"

"నేనేనయ్యా. పేళ్లు గుచ్చుకుంటా ఉంటే."

"చెక్క పెట్టేది చెల్లప్పన్ కాదా?"

"మేస్త్రి అన్న ఏంది, చెక్క పెట్టేదేంది? రోజూ నేనే పెడతాను. మా ఆయన బండికి ఇంకొకరు వెనక నిలబడితే ఆయనకి కుదరదు." ఆమె తల వంచుకుంది. "ఆ పొద్దు ఎండకి కళ్లు తిరిగె. నాలుగున్నరకి మేస్త్రి అన్నే 'నువ్వు ఇంటికి పో తంగచ్చీ, చెక్క నేను పెడతాలే' అన్నాడు, సొంత చెల్లెలికి చెప్పినట్టు. రెండు రోజుల ముందర మా ఆయనతో అరుచుకున్నాడు గదా, అది మనసులో పెట్టుకోలే."

నూకాలమ్మ తలెత్తింది. ఆమె చెప్పిన మాట ఆమెకే అప్పుడు అర్థమైంది. చెయ్యి గోడకు ఆనించుకుంది.

"అయ్యా... అంటే మా ఆయన చేతనే నన్ను..."

"చెల్లప్పన్ నీ చోట నిలబడ్డాడు," అన్నాడు భీమశంకరం మెల్లగా. ఎవరికీ చెడు చేయని ఒక మనిషి, చేసిన ఒక మంచిపనికి పోయాడు. దాని గురించి తర్వాత ఆలోచించాలి, ఇప్పుడు కాదు. "బాగా గుర్తు తెచ్చుకో. ఈమధ్య శివలింగం దగ్గర ఏమన్నా చూశావా?"

"ఏమీ చూళ్లేదే." ఆగింది. "శనివారం రోలరు నీళ్ల తొట్టి కడుగుతా ఉంటే లోపల ఒక సంచి తగిలె. మైనపు గుడ్డలో చుట్టి ఉండె, బలే బరువు. శివలింగం అన్నదేనని ఆయనకే ఇచ్చేసినాను. విప్పి కూడా చూళ్లేదయ్యా."

"ఎవరికన్నా చెప్పావా?"

"ఎవరికి చెప్తాను? మా ఆయనకి ఒక్కడికే. ఆయన అన్ననే నేరుగా అడిగినాడు, ఏందన్నా అది అని. నవ్వేసినాడంట."

భీమశంకరం కళ్ల ముందు ఆ నట్టు మళ్లీ తిరిగింది. సంచిలో ఉన్నది దొంగ సరుకై ఉండాలి. ఆ సంచి సంగతి తెలిసినవాళ్లు ఇద్దరు. భార్య డ్రమ్ము కింద, భర్త జైల్లో. ఒకే నట్టుతో ఇద్దరి నోళ్లూ మూసే ఎత్తు అది. భార్య తప్పించుకుంది. భర్త ఇంకో రెండున్నర గంటల్లోపే జడ్జి ముందు నోరు విప్పుతాడు.

"అనంతరామన్ గారూ," అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది, "మీ ఠాణాలో ఖైదీల అన్నం ఎవరన్నా పరీక్ష చేస్తారా?"

అనంతరామన్ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నూకాలమ్మ ఖాళీ చంక వైపు చూశాడు.

పన్నెండూ నలభై. సైకిలు బయల్దేరి నలభై నిమిషాలు. ఆ క్యారియరులో ఇప్పుడు నూకాలమ్మ వండిన అన్నం ఒక్కటే ఉందో లేదో ఎవరికీ తెలియదు. 'ఇచ్చిరావయ్యా, పుణ్యముంటుంది' అన్నది మాత్రం తనే.

అనంతరామన్ జీపు డ్రైవర్ను రెక్క పట్టుకుని కిందికి లాగేసి తనే ఎక్కి కూర్చున్నాడు. భీమశంకరం ఒక కాలు లోపల పెట్టాడో లేదో, క్లచ్ వదిలాడు.

జీపు ఎగిరి దూకింది.